విప్పని బోల్టులు

ఆ ఏడాది వానలు మొదలైన వారంలోనే మా అత్తయ్య కారు తాడు కట్టించుకుని ఇంటికొచ్చింది. ముందు బాబాయిగారి గ్యారేజీ వ్యాను, దాని వెనక తాడు, తాడు చివర మా పాత కారు. స్టీరింగు దగ్గర బాబాయిగారి పనివాడు కూర్చుని ఉన్నాడు. అత్తయ్య గేటు దగ్గర, కొన్నాళ్ళ కిందట తన కారు గీసుకున్న స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అతను దిగేదాకా అతని వంకే చూసింది. ఆమె ఉద్యోగకాలమంతా ఆరోగ్యశాఖ వ్యాను నడిపిన మనిషి. కొండదారుల్లో, బురదలో, టీకాల పెట్టెలు వెనకేసుకుని తిరిగిన మనిషి. ఆమె సీట్లో ఇంకొకరు కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

బాబాయిగారంటే అత్తయ్యకు సొంత తమ్ముడు. మా బంధువులందరి బళ్ళకీ ఆయనే వైద్యుడు. ఆయన పెదవి విరిస్తే ఇక ఆ బండి గురించి ఎవరూ మాట్లాడరు.

"లాభం లేదక్కా," అన్నాడు రేకుల షెడ్డు కిందికి వస్తూ. "ఇంజిన్ మొత్తం విప్పి చూశాను. బ్లాకు పగిలింది."

"పగలడమంటే?"

"పగలడమంటే పగలడమే. రేడియేటర్లో నీళ్ళు తగ్గిపోవడం, తెల్లపొగ, అన్నీ అందుకే. పాత ఇనుము వ్యాపారికి చెప్పాను. నెలాఖరుకి వచ్చి పట్టుకెళతాడు."

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన తలూపాడు. "పోనీలే అమ్మా. అది కావలసినంత చాకిరీ చేసింది. నువ్వూ చేశావు. ఇంక కాస్త స్థిమితంగా ఇంట్లో కూర్చో."

"నేను స్థిమితంగా లేనని నీకెవరు చెప్పారురా?" అంది అత్తయ్య. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. మా ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

బండి పోతే పోయేది అత్తయ్య సరదా ఒక్కటే కాదు. ముందు గదిలో నేను బడిపిల్లల యూనిఫాంలు కుడతాను. నేను కుట్టిన మూటలు డిక్కీలో, వెనక సీట్లో వేసుకుని దూరం దూరం బడులకి చేర్చేది అత్తయ్య. కారు షెడ్డు కింద నిలబడ్డాక మూటలు గదిలో ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళాలంటే అడ్డదిడ్డంగా నడవాలి. "ఆర్డర్లు తగ్గించుకోవచ్చుగా," అన్నాడు మా ఆయన ఒకనాడు భోజనం చేస్తూ. "అందరూ నీ దగ్గరే కుట్టించుకోవాలని ఏముంది?" ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ వారమే ఒక సాంకేతిక విద్యాలయానికి వర్క్‌షాపు కోట్లు ఇచ్చిరావాల్సి వచ్చింది. మూటతో రెండు బస్సులు మారి వెళ్ళాను. కోట్లు లెక్కచూసుకునే ఉద్యోగి ఇంకా రాలేదంటే, అతను వచ్చేదాకా అక్కడి గ్రంథాలయంలో కూర్చున్నాను. కింది అరలో పుస్తకాల అట్టల మీద మా కారు బొమ్మ కనిపించింది. అవే దీపాలు, అదే ముక్కు. రెండు లావుపాటి సంపుటాలు. కారు తయారుచేసిన కంపెనీ తన మెకానిక్కుల కోసం అచ్చువేయించిన సర్వీసు మాన్యువల్.

తెరిచి చూశాను. ప్రతి పేజీలోనూ ఏదో ఒక భాగాన్ని ముక్కముక్కలుగా విడదీసి, ఏది ఎక్కడ కూర్చుంటుందో గీతలతో చూపించారు. నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. చొక్కాని కాలరు వేరు, చేయి వేరు, జేబు వేరు చేసి బల్లమీద పరిస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. చొక్కా నాకు తెలుసు.

"ఇవి ఇంటికి ఇస్తారా?" అని అడిగాను.

లైబ్రేరియన్ పుస్తకం చివరి అట్ట తిప్పి చూసింది. "ఇవి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మీరు అడిగారు, అది చాలు. తడవకుండా తీసుకెళ్ళండి."

ఆ మధ్యాహ్నం అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుని, మొదటి సంపుటం ఒళ్ళో పెట్టుకుంది. బండి నడపడమే ఆమె పని. విప్పడం ఎప్పుడూ ఇంకొకరి పని. అయినా ఆ పుస్తకం చదువుతుంటే, తెలిసిన మనిషి గురించి తెలియని సంగతులు వింటున్నట్టు మొహం పెట్టింది. కాసేపటికి ఒక పట్టిక దగ్గర వేలు ఆగింది.

"ఇలా రా అమ్మాయ్. నీళ్ళు తగ్గడం, తెల్లపొగ. కారణాలు వరసగా రాశాడు. బ్లాకు పగలడం అన్నింటికన్నా అడుగున ఉంది. మొట్టమొదట హెడ్ గ్యాస్కెట్ చూడమంటున్నాడు. మా తమ్ముడు మొదటిది వదిలేసి తిన్నగా చివరిదానికి పోయాడేంటి?"

"ఆయన అన్నీ చూసే ఉంటారు కదత్తయ్యా."

"చూసే ఉంటాడు," అంది. "మనమూ చూద్దాం."

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ అడుగుభాగమైన బ్లాకుకీ, పైన మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి పొర. ఒక సిలిండరు ఊపిరి పక్కదాంట్లోకి పోకుండా, నీళ్ళు నిప్పులోకి పోకుండా ఆపేది అదే. అది కాలిందో లేదో ఏమీ విప్పకుండానే తెలుసుకునే పరీక్ష పుస్తకంలో ఉంది. విడిభాగాల కొట్టు నుంచి సిలిండరులో ఒత్తిడి కొలిచే గేజి ఒకటి తెచ్చుకున్నాం. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలోనూ గేజి బిగించి, నేను తాళం తిప్పుతుంటే అత్తయ్య ముల్లు చూసింది. ఆ చివరా ఈ చివరా ఉన్న సిలిండర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. మధ్యలో పక్కపక్కనే ఉన్న రెండూ నీరసంగా, ఇంచుమించు ఒక్కలాగే చూపించాయి. పక్కపక్కవి రెండూ తక్కువైతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలినట్టని పుస్తకం చెబుతోంది.

"విప్పుదాం," అంది అత్తయ్య.

మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే మొదలుపెట్టేవాళ్ళం. అత్తయ్య మా మామగారి పాత చొక్కా తొడుక్కుని చేతులు పైకి మడిచేది. నేను చదివేదాన్ని, ఆమె విప్పేది. ఆమె చెయ్యి నొప్పెడితే నేను విప్పేదాన్ని, ఆమె చదివేది. రాసినవాళ్ళు ఎవరో గానీ మాట పొదుపు మనుషులు. ఒక భాగం విప్పడానికి రెండు పేజీలు రాసి, తిరిగి బిగించడం గురించి "విప్పిన క్రమానికి వ్యతిరేకంగా చేయవలెను" అని ఊరుకున్నారు.

"ఒక్క ముక్కలో తేల్చేశాడు మహానుభావుడు," అనేది అత్తయ్య. "వీడి భార్యని అడగాలి, ఇంట్లో ఏదైనా తిరిగి బిగించాడేమో."

నేను చొక్కాలు గీసుకునే అట్టల మీద ఒక్కో భాగం ఆకారం గీసి, బోల్టు ఉన్నచోటల్లా చిల్లు పెట్టి, విప్పిన బోల్టు విప్పినట్టు అందులో గుచ్చేదాన్ని. కార్బురేటర్ అట్ట, మానిఫోల్డ్ అట్ట. షెడ్డు గోడంతా అట్టలు వేలాడాయి. వాన రేకుల మీద దబదబా కొడుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకునేవాళ్ళం. చాలా ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పై మూత తీశాక హెడ్ బోల్టులు కనిపించాయి. నేను పుస్తకంలో తర్వాతి పేరా చదివాను. "కర్మాగారంలో బిగించిన పిమ్మట ప్రతి బోల్టు తల మీదినుంచి హెడ్ మీదికి పసుపు రంగు గీత గీయబడును. గీత తెగి ఉన్నచో ఇంజిన్ ఇంతకుముందు విప్పబడినట్లు గ్రహించవలెను."

అత్తయ్య గుడ్డతో నూనె తుడిచింది. ఒక బోల్టు. పక్కన ఇంకొకటి. చివరిదాకా అన్నీ తుడిచింది. పసుపు గీత ప్రతి బోల్టు మీదినుంచీ తిన్నగా దిగి హెడ్ మీద ఆగింది. ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి కూడా జరగలేదు.

ఆమె కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నీకెలా కనిపిస్తోందమ్మాయ్?"

"తెగలేదత్తయ్యా."

"నాకూ అలాగే కనిపిస్తోంది," అంది. గుడ్డ మడతపెట్టి రేడియేటర్ మీద పెట్టింది. "తిరిగి బిగించేటప్పుడు బిగుతు కొలిచే టార్క్ రెంచి కావాలని రాశాడు కదూ. అది మా తమ్ముడి దగ్గర ఉంటుంది. పద, వెళ్ళి తెచ్చుకుందాం."

మేం వెళ్ళేసరికి బాబాయిగారు గ్యారేజీలో ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. అక్క చెప్పులు గుర్తుపట్టి బయటికి జరిగాడు.

"టార్క్ రెంచి ఒకసారి ఇవ్వు," అంది అత్తయ్య.

"ఎందుకక్కా?"

"హెడ్ బిగించడానికి."

ఆయన నవ్వాడు. "బిగించాలంటే ముందు విప్పాలి కదా."

"నువ్వు విప్పానన్నావుగా."

నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ కళ్ళు నావైపు ఒకసారి, నేలవైపు ఒకసారి తిరిగాయి. లేచి పీపాలో చేతులు కడుక్కున్నాడు. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు.

"నన్నేం చేయమంటావక్కా. వాడే వచ్చి అడిగాడు. నువ్వు కారుని గేటు స్తంభానికి గీసుకున్న మర్నాడు. వాళ్ళ ఆఫీసులో ఎవరి నాన్నో బండి నడుపుతూ పోయాడట, వాడికి గుండెలో దడ పట్టుకుంది. 'అమ్మ నా మాట వినదు, నీ మాటైతే వింటుంది, బండి పోయిందని ఒక్క మాట చెప్పు మామయ్యా' అన్నాడు. నీ మంచికేగా అనుకున్నాను."

వాడంటే ఎవరో నాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది. పోనీలే అమ్మా అంటూ గుమ్మంలో తలూపిన మనిషి. ఆర్డర్లు తగ్గించుకోమని, నేను వడ్డించింది తింటూ చెప్పిన మనిషి.

"రెంచి," అంది అత్తయ్య.

ఆయన గోడమీద నుంచి తీసి రెండు చేతులతో అందించాడు. "నీకు తెలిసిందని వాడికి చెప్పనా?"

"వద్దు. నా నోరు నాకుంది."

బస్సులో ఆ పొడుగాటి రెంచి మా ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పడుకుంది. అత్తయ్య కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. మా స్టాపు దగ్గర పడుతుండగా అంది, "చిన్నప్పుడు వాడికి అబద్ధం చెప్పడం చేతనయ్యేది కాదు. చెవులు ఎర్రబడిపోయేవి. ఈసారి నేను వాడి చెవులకేసి చూడలేదు."

ఇక దాపరికం మానేశాం. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చేసరికి హెడ్ నా కత్తిరింపు బల్ల మీద, పాత దుప్పటి పరుచుకుని కూర్చుని ఉంది. ఇనుప వాసన ఇల్లంతా కమ్ముకుంది. కాలిన గ్యాస్కెట్ కిటికీకి వేలాడుతోంది. రెండు మధ్య రంధ్రాల నడుమ నల్లగా, ఎలక కొరికినట్టు తెగిపోయి.

"ఏమిటిది?" అన్నాడు.

"హెడ్," అంది అత్తయ్య.

"మామయ్య చూసి చెప్పాడు కదమ్మా."

"చెప్పాడు," అంది. హెడ్ తుడుస్తూనే ఉంది. నేను మాత్రం చూశాను. ఆయన చెవులు ఎర్రగానే ఉన్నాయి.

మా ఆయన నావైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పొద్దా? కుట్టుపని వదిలేసి ఈ గ్రీజులో చేతులు పెట్టుకోవడమేంటి?"

"కుట్టినవి బడికి చేరాలంటే బండి కావాలండీ," అన్నాను. "బండి కావాలంటే గ్రీజు అంటుతుంది. మీరు కాస్త పక్కకి జరగండి, వెలుతురు రావడం లేదు."

పెళ్ళయ్యాక ఆయన్ని పక్కకి జరగమని నేను చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన జరిగాడు.

హెడ్‌ని ఇనుము చెక్కే లేతు పనివాడి దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాం. అతను దాని మీద ఇనుప బద్ద పెట్టి, సందులోంచి వెలుగు చూసి, కాస్త వంకర ఉంది, చెక్కితే సరిపోతుందన్నాడు. "మీ మెకానిక్కుని పంపండి, ఎంత చెక్కాలో మాట్లాడతాను," అన్నాడు. అత్తయ్య సంచీలోంచి పుస్తకం తీసి ఆ పేజీ అతని ముందు పెట్టింది. అతను చదివి, ఇంకేమీ అడగకుండా పని మొదలుపెట్టాడు.

బిగించడం అంటే నాకు భయంగా ఉండేది గానీ పుస్తకం చదివాక పోయింది. బోల్టులన్నీ మధ్యలోంచి మొదలుపెట్టి, ఆ పక్కా ఈ పక్కా మార్చుకుంటూ అంచులకు పోవాలట. మొదటి విడత కొంచెం, మళ్ళీ మధ్య నుంచి ఇంకొంచెం, చివరి విడత పూర్తిగా. గుడ్డకి పోగులు వేసేటప్పుడు నేను చేసేది అదే. ఒక చివర నుంచి లాక్కుంటూ పోతే రెండో చివర ముడతలు పడతాయి. నేను అంకెలు చదివాను, అత్తయ్య రెంచి పట్టింది. చాలినంత బిగుతు రాగానే రెంచి టక్కుమనేది. టక్కుమన్నప్పుడల్లా "ఊఁ" అనేది అత్తయ్య, ఎవరికో బదులు చెబుతున్నట్టు.

నెలాఖరు ఆదివారం పాత ఇనుము వ్యాపారి లారీ తెచ్చి గేటు ముందు పెట్టాడు. అతన్ని రమ్మన్నది బాబాయిగారు గనక ఆయనా వచ్చాడు. మా ఆయన అరుగు మీద నిలబడ్డాడు. మేమిద్దరం అప్పుడే రేడియేటర్లో నీళ్ళు పోసి లేచాం.

"ఒక్క నిమిషం ఆగు నాయనా," అని వ్యాపారికి చెప్పి, అత్తయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

ఇంజిన్ ఒకసారి మూలిగింది. మూలిగి, కార్బురేటర్ నోట్లోంచి ఢామ్మని ఒక మంట కక్కింది. పక్కింటి గోడమీది కాకులన్నీ లేచిపోయాయి. ఇంకోసారి తిప్పింది. మళ్ళీ ఢామ్. షెడ్డు నిండా పొగ.

"చాలమ్మా," అన్నాడు మా ఆయన మెట్లు దిగి వస్తూ. "నీకు దండం పెడతాను. చెయ్యగలిగినంతా చేశారు. ఇంక వదిలెయ్."

వ్యాపారి లారీ గొలుసులు దించడం మొదలుపెట్టాడు. ఇంజిన్ ఢామ్మన్న చప్పుడు విని బాబాయిగారు ఊరుకోలేకపోయాడు. ఆయనకి రోగం తెలిసిపోయినట్టుంది. "అక్కా, అది..." అంటూ ముందుకి వచ్చాడు.

"నువ్వు చెప్పకు," అంది అత్తయ్య. "నువ్వు ఒకసారి చెప్పావు, చాలు. అమ్మాయ్, పుస్తకం."

పేజీలకు గ్రీజు వేలిముద్రలు పడుతున్నా చూసుకోలేదు. నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర చిన్న అక్షరాల్లో హెచ్చరిక ఉంది. ఇంజిన్ తిప్పుతుంటే దాని మీది గుర్తులు రెండుసార్లు కలుస్తాయి. మొదటి సిలిండరు ఊపిరి బిగపట్టినప్పుడు ఒకసారి, పొగ వదిలేటప్పుడు ఒకసారి. మొదటిదే సరైనది. మేం రెండోదానికి పెట్టాం. నిప్పు రావలసినప్పుడు కాకుండా సరిగ్గా తిరగబడి వస్తోంది.

బిగ్గరగా చదివాను, అందరికీ వినపడేలా. అత్తయ్య దిగింది. మొదటి ప్లగ్గు తీసి, రంధ్రం మీద నన్ను వేలు పెట్టమంది. తాను ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పింది. వేలి కింద గాలి ఉబికి వచ్చి నా వేలిని తోసేసింది. "ఇదే," అన్నాను. గుర్తు కలిపి, డిస్ట్రిబ్యూటర్ ఎత్తి, సగం చుట్టు తిప్పి కూర్చోబెట్టాం. ఆ పనంతా అయ్యేదాకా ముగ్గురు మగవాళ్ళూ నిలబడే ఉన్నారు. కుర్చీ వేస్తానని ఎవరూ అనలేదు.

ఈసారి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. మొదట కాస్త దగ్గింది. తర్వాత సర్దుకుని, నా కుట్టుమిషను మంచి నూనె వేసిన రోజున ఆడినట్టు, ఒకే తీరుగా ఆడింది. తెల్లపొగ సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.

వ్యాపారి గొలుసులు మళ్ళీ లారీలోకి ఎత్తుకున్నాడు. "మంచి బండి అమ్మా," అన్నాడు వెళుతూ. అత్తయ్య అతన్ని ఉత్త చేతులతో పంపలేదు. షెడ్డు మూల పడున్న విరిగిన సైలెన్సర్ ఇచ్చి పంపింది. బాబాయిగారు రెంచి అడగకుండానే వెళ్ళిపోయాడు.

ఇంజిన్ ఆడుతూనే ఉంది. అత్తయ్య కిటికీలోంచి కొడుకుని చూసింది.

"బ్లాకు పగల్లేదురా."

మా ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "నాకు భయమేసిందమ్మా," అన్నాడు.

"భయమేస్తే నాతో చెప్పాలి. అమ్మా, ఆ స్తంభం నీకు కనపడలేదా, కళ్ళు చూపించుకో అనాలి. చూపించుకున్నాను, నువ్వు అడక్కపోయినా. అద్దాలు మార్చారు, ఇవిగో." కళ్ళద్దాలు ముక్కు మీద సర్దుకుంది. "నాకు నడపడం చేతకాని రోజు వస్తుంది. ఆ రోజు తాళం నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. అంతేగానీ నాకు అబద్ధం చెప్పి నన్ను కాపాడకు. ఆ కాపాడటం నాకొద్దు."

ఆయన నావైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానేమోనని. నేను అట్టల్లో మిగిలిన బోల్టులు ఏమైనా ఉన్నాయేమో చూసుకుంటూ ఉండిపోయాను. ఆ రాత్రి ఆయన నాకు విడిగా ఏదో చెప్పబోతే, "అత్తయ్యకే కాదు, నాకూ ఏదున్నా ముందే చెప్పండి ఇకనుంచి," అన్నాను. సరేనన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడం ఆయనకి తేలిక కాలేదు. అయినా చాలావరకు నిలబెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే యూనిఫాం మూటలన్నీ కారులోకి ఎత్తాం. డిక్కీ నిండింది, వెనక సీటు కిటికీల దాకా నిండింది. అత్తయ్య పక్క అద్దాలు రెండూ సర్దుకుని, తాపీగా వెనక్కి తీసి, గేటు స్తంభాన్ని జానెడు దూరంలో వదిలి రోడ్డెక్కింది. వాన అప్పుడే వెలిసింది. ఊరు దాటి రెండు మలుపులు తిరిగామో లేదో, పక్క అద్దంలో ఒక మోటారుసైకిలు కనిపించింది. నెత్తిన ఎర్ర హెల్మెట్టు, ఒంటిమీద నేను ఇస్త్రీ చేసి ఇచ్చిన ఆఫీసు చొక్కా.

"అత్తయ్యా, వెనక మీ అబ్బాయి వస్తున్నాడు," అన్నాను.

ఆమె అద్దంలోకి ఒకసారి చూసింది. చూసి గేరు మార్చింది.

"రానీ," అంది. "వాడికీ దారి తెలియాలిగా."